ఇంటర్వెల్ గురునాథం పందెం

సినిమాలో హంతకుడెవరో ఇంటర్వెల్ లోపే చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడనీ, ఆ ఒక్కడూ భిలాయిలో, అందులోనూ ఖుర్సీపార్‌లో, నీళ్ల ట్యాంకు వెనక క్వార్టర్లో కాపురం ఉంటున్నాడనీ గురునాథరావుకి గట్టి నమ్మకం. ఆ మనిషి తనే.

స్టీలు ప్లాంటు రైలు మిల్లులో అతనిది రంపం దగ్గర ఉద్యోగం. ఎర్రగా కాలి వచ్చే పట్టాలని కొలత ప్రకారం కోయించాలి. డ్యూటీలో పట్టాలు కోస్తాడు, డ్యూటీ దిగాక కోతలు కోస్తాడు అని తోటివాళ్లు అనేవారు. టౌన్‌షిప్‌లో కరెంటు కోతలు లేని లోటు అతనొక్కడే తీరుస్తున్నాడని కూడా అనేవారు.

హంతకుణ్ణి పట్టడానికి అతని దగ్గరొక పద్ధతి ఉంది. బొమ్మ మొదలైన పావుగంటకి కుడిపక్కవాడి చెవిలో "డాక్టరు" అంటాడు. మరో పావుగంటకి ఎడమపక్కవాడి చెవిలో "డ్రైవరు" అంటాడు. ముందు వరసవాడి వీపు తట్టి "మేనల్లుడు" అంటాడు. ఇంటర్వెల్ అయ్యేసరికి హీరోయిన్ తాతగారితో సహా ఎవరినీ వదలడు. చివర్లో ఎవరు దొరికినా లేచి నిలబడి, "నాను ముందే చెప్పానా లేదా?" అని హాలంతా అడుగుతాడు. చెప్పాడు. కాదనడానికి లేదు.

అలా అతనికి ఇంటర్వెల్ గురునాథం అని పేరొచ్చింది. అది వెక్కిరింపో బిరుదో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. బిరుదు వచ్చినవాళ్లెవరూ ఆలోచించరు.

భార్య నూకాలమ్మ మాత్రం ఇరవై ఏళ్లుగా అతని పక్క సీట్లోనే కూర్చుని ఆలోచిస్తూ ఉంది.

అది తొంభై నాలుగో సంవత్సరం. హోలీ రంగులు ఇంకా గోడల మీంచి పోలేదు. ఆ వారంలో నూకాలమ్మకి కాగితం మీద ఒక కబురు వచ్చింది. రుఆబాంధాలో ఆడవాళ్ల క్లబ్బు కుట్టు క్లాసు పెట్టింది. రోజూ మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా వచ్చి నేర్పమని ఆమెని అడిగింది. ఖుర్సీపార్‌లో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు నూకాలమ్మ చేతి మీదుగా వచ్చినవే. కానీ ఆమెని టీచరుగారూ అని పిలిచినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆ కాగితం మడతపెట్టి రెండు రోజులు కుట్టు మెషీను సొరుగులో దాచి, మూడో రోజు మొగుడి ముందు పెట్టింది.

"రుఆబాంధా ఎంత దూరమో తెలుసేటే నీకు?" అన్నాడు గురునాథరావు.

"తెలుసు. అందికే నడిచెల్తాననలేదు."

"మరి?"

నూకాలమ్మ వరండా వైపు చూసింది. అక్కడ లూనా ఉంది. ఆమె తమ్ముడు రాజేంద్ర విశాఖపట్నం వెళ్లిపోతూ అక్కకి వదిలి వెళ్లిన బండి. రెండేళ్లుగా దాని హ్యాండిల్ మీద గురునాథరావు తువ్వాళ్లు ఆరుతున్నాయి.

"దాని మీదా? నువ్వు ఎక్కుతావా?"

"నాను దాని మీద ఎక్కపోతే, అది నా మీద ఎక్కుతాదేటి?"

"ఆడమనిషి బండి తోలితే నలుగురూ ఏటనుకుంటారు?"

పదకొండో క్లాసు చదువుతున్న కూతురు అమ్ము పుస్తకం మీంచి తల ఎత్తింది. ఆ పిల్లకి తెలుగు ఇంట్లో పుట్టింది, హిందీ బయట పెరిగింది. "నాన్నా, మా మేడమ్‌లు సబ్ లూనా మీదే వస్తారు. కోయీ కుఛ్ నహీ బోల్తా, ఎవరూ ఏమీ అనరు."

"మేడమ్‌లు వేరు, మీ అమ్మ వేరు."

"ఏఁ, మేడమ్‌లకి మూడేసి కాళ్లుంటాయా?" అంది నూకాలమ్మ.

అసలు సంగతి వేరు. ఫస్టు షిఫ్టు ఉన్న వారాల్లో గురునాథరావు రెండింటికి డ్యూటీ దిగి, భోంచేసి, నాలుగింటిదాకా నిద్రపోయి, లేవగానే చేతిలో టీ గ్లాసు ఉండాలని కోరుకునేవాడు. మూడింటికి నూకాలమ్మ బయల్దేరితే ఆ గ్లాసు గాల్లో తేలి రాదు. ఈ ముక్క పైకి చెప్పుకోలేక నలుగురినీ మధ్యలోకి లాగాడు. పాపం, ఆ నలుగురికీ ఈ గొడవ తెలియనే తెలియదు.

సరిగ్గా అప్పుడే తెలుగు కళాసమితి కార్యదర్శి నరసింగరావు లోపలికి వచ్చాడు. నెలకో ఆదివారం పొద్దున్న పవర్‌హౌస్ దగ్గర థియేటర్లో సమితి తరఫున తెలుగు సినిమా వేయించే పని అతనిది.

"ఈసారి పెద్ద బొమ్మ దొరకలేదోయ్ గురునాథం. 'తలుపు తీసిందెవరు?' అని ఒకటి తెప్పిస్తున్నాను."

"హీరో ఎవడు?"

"లేడు."

"పాటలో?"

"లేవు."

"ఫైట్లు?"

"అవీ లేవు."

"మరేటున్నాయి?"

"ఒక ఇల్లు, వర్షం, ఐదుగురు మనుషులు, ఒక శవం."

"ఆంధ్రాలో నాలుగు రోజులు కూడా ఆడలేదట కదా?"

"ఆడకపోవడం జనం తప్పు, బొమ్మ తప్పు కాదు," అన్నాడు నరసింగరావు రోషంగా. "నేను బొబ్బిలిలో చూశాను. హాల్లో పదకొండు మందిమి. బొమ్మయ్యాక ఒక్కడికీ ఒంటరిగా ఇంటికెళ్లే ధైర్యం లేక, పదకొండు మందిమీ కలిసి ఒక్కొక్కణ్ణీ ఇంటి దగ్గర దిగబెట్టుకుంటూ వెళ్లాం. ఆఖరివాడు నేనే. నన్ను దిగబెట్టేవాడు లేక బస్టాండులో పడుకున్నాను."

"హంతకుడెవరు?"

"చెప్పను. నువ్వూ పట్టలేవు."

గురునాథరావు మీసం కదిలింది. "నానా? పట్టలేనా? పేర్లు పడుతుండగానే చెప్పీగలను."

"చెప్తారు," అంది వంటింటి గుమ్మంలోంచి నూకాలమ్మ. "ఆరుగురుంటే ఆరుగురి పేర్లూ చెప్తారు. చేతనయితే ఒక్క పేరు చెప్పండి. కాగితమ్మీద రాసి, సంతకం పెట్టి, కవరు అంటించి, ఇంటర్వెల్లో నరసింగరావన్నయ్య చేతిలో పెట్టండి."

"పెడతాను. గెలిస్తే ఏటిస్తావు?"

"లూనా మాట ఈ జన్మలో ఎత్తను."

గురునాథరావుకి నాలుగింటి టీ వాసన ముక్కు దాకా వచ్చింది. "ఓడితే?"

"మీరే పక్కనుండి నాకు బండి నేర్పాలి. మన గ్రౌండులో, పొద్దున్న ఏడింటికి, అందరూ చూస్తుండగా."

"నేను సాక్షి," అన్నాడు నరసింగరావు. ఆ సాక్షి అంతటితో ఊరుకోలేదు. హీరో లేని బొమ్మకి జనాన్ని ఎలా రప్పించాలా అని మూడు రోజులుగా తల పట్టుకుని ఉన్నాడేమో, మర్నాటికల్లా కూరగాయల మార్కెట్టు దగ్గరా, రామాలయం గేటు దగ్గరా ఎర్ర సిరాతో కాగితాలు అంటించేశాడు. 'హంతకుడెవరు? ఇంటర్వెల్లో మన గురునాథరావుగారు తేల్చేస్తారు. రండి, చూడండి!' హీరో పేరు ఉండాల్సిన చోట తన పేరు చూసుకుని గురునాథరావు ఆ కాగితం ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు.

మూడోసారి నడుస్తుండగా గుండెలో రాయి పడింది. ఒక్క పేరు. ఇన్నేళ్లలో ఒక్క పేరుతో ఒక్క హంతకుణ్ణీ పట్టింది లేదు. తప్పితే క్యాంటీన్లో, మార్కెట్లో, గుడి దగ్గర ఏ మొహం పెట్టుకుని తిరగడం?

ఆ రాయి పడ్డ చోటే ఆలోచన మొలిచింది. బొమ్మ రీళ్లున్న డబ్బాలు గురువారం రైల్లో వస్తాయి. శుక్రవారం పొద్దున్న థియేటర్లో ఆపరేటరు చిట్టిబాబు వాటిని ఒకసారి వేసి చూసుకుంటాడు. ఆ వారం తనకి సెకండు షిఫ్టు, రెండింటి దాకా ఖాళీ. ముందుగా చూసేస్తే? పరీక్షలో కాపీ కొట్టడం తప్పేగానీ, ఇది పరీక్ష కాదు కదా. సినిమా.

శుక్రవారం పొద్దున్నే కొత్త చొక్కా వేసుకుని గడప దాటుతూ, "జాముల్ వెళ్తున్నానే. సిమెంటు ఫ్యాక్టరీలో మా పాత స్నేహితుడు కాలు విరిగి పడున్నాడట," అన్నాడు.

"అయ్యో పాపం. బేగి వెళ్లి రండి," అంది నూకాలమ్మ మెషీను మీంచి తల ఎత్తకుండా.

చిట్టిబాబు పేరుకే చిట్టి. ప్రొజెక్టరు గదిలోకి పక్కకి తిరిగితే తప్ప పట్టడు. అతన్ని ఎలా బతిమాలాలో గురునాథరావు దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఒక్కటీ వాడాల్సిన పని పడలేదు. చూడగానే చిట్టిబాబు, "రండి బాబాయ్, బాల్కనీ మధ్య వరసలో కూచోండి. అక్కడ సౌండు బాగుంటాది," అన్నాడు.

తన కీర్తి ప్రొజెక్టరు గది దాకా పాకిందని గురునాథరావు మురిసిపోయాడు.

అంత పెద్ద హాల్లో ఒక్కడే. బొమ్మ మొదలైంది. మొదటి పది నిమిషాలూ అతను నవ్వుకుంటూనే ఉన్నాడు. కొండ మీద పాత మేడ, జోరున వర్షం. ఆ వర్షం కిటికీ ముందు మాత్రమే పడుతోంది, వెనకాల చెట్ల మీద ఎండ కాస్తోంది. ఇన్‌స్పెక్టరు ఎడమ భుజం మీద మూడు చుక్కలు, కుడి భుజం మీద రెండే. కుడి భుజానికి ప్రమోషన్ రాలేదు కాబోలు. చచ్చిపడున్న ఇంటి యజమాని పొట్ట హాయిగా లేస్తూ దిగుతూ ఉంది.

పదకొండో నిమిషం నుంచి నవ్వడం మర్చిపోయాడు.

యజమాని కింద గదిలో చచ్చిపడున్నాడు. రాత్రి లోపలి నుంచి తాళం వేసిన వీధి తలుపు తెల్లారేసరికి తెరిచి ఉంది. ఎవరో లోపలివాళ్లే తలుపు తీశారు. ఎవరు? చిన్న వయసు భార్యా? నీళ్లు నమిలే మేనల్లుడా? చేతులు వణికే డాక్టరా? అడిగినదానికల్లా "నాకేటి తెలుసు బాబూ" అనే వంటవాడు సింహాచలమా? నలుగురూ మేడ మీదే ఉన్నామంటారు. కింద ఉన్నది యజమాని అక్కగారొక్కతే. పదేళ్లుగా మంచం దిగని మనిషి. నోట మాట కూడా సరిగ్గా రాదు. తమ్ముడి శవాన్ని చూస్తూ కళ్లలో నీళ్లు పెట్టుకుంటే గురునాథరావు కూడా జేబురుమాలు తీశాడు.

ఎక్కడో తలుపు కిర్రుమన్నప్పుడల్లా సీట్లో కాళ్లు పైకి పెట్టేసుకున్నాడు. ఒకసారి భుజం మీద చెయ్యి పడినట్టయి కెవ్వుమన్నాడు. చూస్తే అది తన చెయ్యే.

చివరికి ఇన్‌స్పెక్టరు వంటింట్లో బియ్యం డబ్బాలోంచి వీధి తలుపు తాళంచెవి తీశాడు. సింహాచలం చేతులకి బేడీలు పడ్డాయి. వర్షం ఆగింది. పక్షులు కూశాయి. తెర తెల్లబడింది.

"అయిపోనాదా?" అని అరిచాడు గురునాథరావు.

"బస్ బాబాయ్, ఖతమ్!" అని పైనుంచి చిట్టిబాబు గొంతు.

'శుభం' కార్డు కూడా వేయలేదు. డబ్బుల్లేని వాళ్లు తీసిన బొమ్మ, అట్టముక్కకి కూడా గతిలేదు కాబోలు అనుకుని గురునాథరావు జాలిపడ్డాడు.

ఇంటికి రాగానే నూకాలమ్మ మంచినీళ్లిచ్చి, "ఎలాగున్నాది ఆయన కాలు?" అంది.

"ఏ కాలు?"

"విరిగిన కాలు."

"ఆఁ... కట్టు కట్టారు."

"కుడా, ఎడమా?"

"కుడి."

"పొద్దున్న ఎడమన్నారు?"

నిజానికి పొద్దున్న అతను ఏదీ అనలేదు. కానీ ఆ సంగతి అతనికి గుర్తులేదు. "రెండూ!" అన్నాడు గట్టిగా.

"ఓలమ్మో, రెండూనా! అయినా ఇవాళ జాముల్‌లో గాలి లేదేటండి? అక్కడికెళ్లొస్తే తలంతా సిమెంటు పడి ముసలాడిలా కనపడతారు. ఇవాళ కుర్రాడిలాగే తిరిగొచ్చారు."

ఆఖరి మాట ఒక్కటే అతని చెవికెక్కింది. అద్దంలో చూసుకుని మీసం దువ్వుకుని డ్యూటీకి వెళ్లాడు.

శనివారమంతా అతని ధీమాకి హద్దు లేదు. మిల్లులో రంపం మోత కన్నా అతని గొంతే ఎక్కువ వినిపించింది. "అరే భాయ్, ఖూనీ కౌన్ హై?" అని హిందీవాళ్లు కూడా అడగసాగారు. "సండే కో ఆవో," అనేవాడు ఠీవిగా.

ఆదివారం పొద్దున్న హాలు నిండిపోయింది. అందులో సగం మంది బొమ్మ కోసం కాదు, గురునాథరావు కోసం వచ్చారు. ఈ ముక్క నరసింగరావే మైకులో చెప్పాడు. నూకాలమ్మ, అమ్ము మూడో వరసలో అతని పక్కనే కూర్చున్నారు. బొమ్మ మొదలైంది. మొదట్లో కిటికీ ముందు వర్షం చూసి జనం ఈలలు వేశారు. పదకొండో నిమిషానికి ఈలలు ఆగిపోయాయి. వేయించిన శనగలు నములుతున్నవాళ్లు కూడా ఆపేశారు.

గురునాథరావు ఒక్కడే కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, ఇంటి అరుగు మీద కూర్చున్నంత తీరిగ్గా ఉన్నాడు. వంటవాడు తెర మీదకి వచ్చినప్పుడల్లా "ఊఁ" అని ఒక మూలుగు మూలిగేవాడు.

"నాన్నా, ప్లీజ్, చుప్ బైఠో నా!" అంది అమ్ము, తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి. అందరి ముందూ గురునాథరావు కాగితం తీశాడు. ఒక్క పేరు రాస్తే చాలు. కానీ చేతిలో విజయం ఉన్నవాడికి ఒక్క పేరుతో తృప్తి ఎక్కడుంటుంది? పేజీ నిండా రాశాడు. సంతకం పెట్టాడు. కింద తారీఖు వేశాడు. కవరు అంటించి, పెళ్లిలో తాంబూలం ఇచ్చినట్టు నరసింగరావు చేతికిచ్చాడు.

"లూనా మీద నా తువ్వాళ్లు ఇంకో ఇరవై ఏళ్లు ఆరతాయే," అన్నాడు కూర్చుంటూ.

"ఆరనీండి," అంది నూకాలమ్మ.

రెండో సగం నడిచింది. బియ్యం డబ్బా వచ్చింది. తాళంచెవి వచ్చింది. సింహాచలం చేతులకి బేడీలు పడ్డాయి. ఇక గురునాథరావు ఆగలేకపోయాడు. వరసలోంచి బయటికి దూకి, నడవ మధ్యలో నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, తెరకి వీపు పెట్టి జనం వైపు తిరిగాడు.

"నాను ముందే చెప్పానా లేదా? ఒక్క పేరు! ఒక్కటే! వంటవాడు సింహాచలం!"

చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో ఈల వేశారు. గురునాథరావు వంగి నమస్కారం పెట్టాడు. ఇంకోసారి పెట్టాడు. మూడోసారి వంగి లేచేసరికి చప్పట్లు ఆగిపోయి ఉన్నాయి. జనం కళ్లు అతని మీద లేవు. అతని తల మీదుగా వెనక్కి చూస్తున్నారు.

వెనకాల నుంచి టక్, టక్ మని తలుపు కొట్టిన చప్పుడైంది.

గురునాథరావు మెల్లగా తిరిగాడు. తెర తెల్లబడలేదు. బొమ్మ నడుస్తూనే ఉంది.

ఇంట్లోవాళ్లందరినీ జీపులో పంపేశారు. మేడ ఖాళీ. కింద గదిలో మంచం మీద అక్కగారొక్కతే. బయట ఎవరో తలుపు కొడుతున్నారు. మళ్లీ కొట్టారు. ఎవరు తీస్తారు? తీయడానికి ఎవరున్నారు? దుప్పటి కదిలింది. పదేళ్లుగా నేల మీద పెట్టని పాదం ఒకటి మంచం దిగింది. తర్వాత రెండోది. ఆ ముసలావిడ లేచి నిలబడింది. దిండు కింద నుంచి రెండో తాళంచెవి తీసింది. చకచకా నడుచుకుంటూ వెళ్లి తలుపు తీసింది. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు, పక్కనే బేడీలు లేని సింహాచలం.

"ఓలమ్మో, లేచిపోనాదిరోయ్!" అని గురునాథరావు పెట్టిన కేకకి హాలు దద్దరిల్లింది. వెనక్కి నాలుగడుగులు వేసి, చేతికి దొరికిన సీట్లో కూలబడ్డాడు. అది సీటు కాదు, సెక్టార్ ఐదు నుంచి వచ్చిన ఒక లావుపాటి పెద్దాయన ఒళ్లు. ఆ పెద్దాయన కూడా ఎంత భయపడ్డాడంటే, తోసేయడం మానేసి అతన్నే కావలించుకున్నాడు.

ఈసారి 'శుభం' కార్డు పడింది. అట్టముక్క మీద కాదు, మంచి రంగుల్లో.

బొమ్మయ్యాక ముందు ఒకరు చప్పట్లు కొట్టారు, తర్వాత హాలంతా కొట్టింది. ఆ చప్పట్లు గురునాథరావుకి కావు. నాలుగు రోజులు కూడా ఆడని ఆ బొమ్మకి.

అప్పుడు నరసింగరావు మైకు తీసుకున్నాడు. కవరు చింపాడు. గురునాథరావు పెద్దాయన ఒళ్లోంచి లేవకుండా చేతులు అడ్డంగా ఊపాడు గానీ, అతను చూడలేదు.

"హంతకుడు, వంటవాడు సింహాచలం," అని చదివాడు నరసింగరావు. హాలు ఘొల్లుమంది. "ఇంకా ఉంది, ఆగండి. 'వీధి తలుపు తాళంచెవి బియ్యం డబ్బాలో దొరుకును. బేడీలు పడగానే వర్షం ఆగును. పక్షులు కూయును. మంచం మీది ఆ తల్లికి ఇంక దిక్కెవరు? ఆమెని తలుచుకుంటే నా కళ్లు చెమర్చుచున్నవి.'"

నవ్వులు ఆగేసరికి, వెనక వరసలోంచి ఎవరో నెమ్మదిగా అడిగారు. "ఇది ఇంటర్వెల్లో కదా రాశారు? బియ్యం డబ్బా ఇంటర్వెల్ తర్వాత కదా వచ్చింది?"

వందల కళ్లు గురునాథరావు మీదకి తిరిగాయి. ఎర్రగా కాలిన పట్టాల సెగ ముందు కూడా అతనికి ఇంత చెమట ఎప్పుడూ పట్టలేదు. భూమి చీలితే బాగుండుననుకున్నాడు. అది సిమెంటు నేల, చీలదు.

అప్పుడు మూడో వరసలోంచి నూకాలమ్మ లేచింది.

"మావారికి బియ్యం డబ్బా అంటే మొదట్నుంచీ అనుమానమేనండి," అంది గట్టిగా. "ఇంట్లో ఏ వస్తువు కనపడకపోయినా ముందు అందులోనే చెయ్యి పెడతారు. కళ్లజోడు, స్కూటరు తాళాలు, ఆఖరికి గేట్‌పాస్ కూడా అందులోనే వెతుకుతారు."

హాలంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వులో అసలు ప్రశ్న కొట్టుకుపోయింది. గురునాథరావు భార్య వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది.

ముగ్గురూ ఇంటికి వచ్చారు. గడప దాటాక చొక్కా గుండీలు విప్పుకుంటూ, "నూకాలూ, ఒక మాట," అన్నాడు. "నాను శుక్రవారం జాముల్ వెళ్లలేదే."

"తెలుసు."

"థియేటరుకెళ్లాను."

"తెలుసు."

"కానీ ఆవేళ ఆవిడ లేవలేదే! నా కళ్లారా చూశాను, మంచమ్మీదే ఉన్నాది!"

"ఆఖరి డబ్బా చిట్టిబాబు వెయ్యలేదండి. చిట్టిబాబు పెళ్లాం ఛాయ నా దగ్గరే కుట్టు నేర్చుకుంటాది. గురువారమే ఆమె చేత చెప్పించాను. మావారొస్తారు, కాదనకండి, బాల్కనీలో మంచి సీటు చూసి కూచోబెట్టండి, ఆఖరి డబ్బా ఒక్కటీ ఒగ్గీయండి అని."

గురునాథరావు మంచం మీద కూలబడ్డాడు. "నాను వెళ్తానని నీకెలా తెలుసు?"

"ఇరవై ఏళ్లయి చూస్తున్నాను. మీరు నాకు సస్పెన్సేటండి?"

అతనికి ఒక్క ఆశ మిగిలింది. వేలు చూపించాడు. "అయితే నువ్వూ ముందే చూసీసావన్నమాట! హంతకురాలెవరో నీకు ముందే తెలుసు! ఇది మోసం!"

"నాకెలా తెలుస్తాది? ఆవిడ లేచినప్పుడు అమ్ము, నానూ కెవ్వుమనలేదేటి?" అంది నూకాలమ్మ. "ఆఖరి డబ్బాకి ముందే హంతకుడు దొరికిపోతే అది సస్పెన్సు బొమ్మ ఎలా అవుతాది? ఇక ఆ డబ్బా దేనికి, జనాలకి చెప్పులెతుక్కోడానికా?"

ఇన్నేళ్లుగా సినిమాలు చూస్తున్న గురునాథరావుకి ఈ చిన్న ముక్క ఒక్కసారి కూడా తట్టలేదు.

సోమవారం పొద్దున్న ఏడింటికి ఖుర్సీపార్ గ్రౌండులో చిన్న తిరునాళ్ల లాంటిది జరిగింది. క్రికెట్ ఆడే కుర్రాళ్లు ఆట ఆపేశారు. నైటు షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు సైకిళ్లు పట్టుకుని నిలబడ్డారు. నరసింగరావు సాక్షిగా వచ్చి, వచ్చే ఆదివారం కూడా అదే బొమ్మ వేస్తున్నానని అందరికీ చెప్పుకుంటున్నాడు. గురునాథరావు లూనా మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుని, బండి తోసుకుంటూ వచ్చాడు. మాట తప్పే మనిషి మాత్రం కాదు.

"చూడు నూకాలూ, భయపడకు," అన్నాడు పెద్దరికంగా. "ఇది యాక్సిలేటరు. ఇది బ్రేకు. ముందు రెండు చేతుల్తో హ్యాండిల్ పట్టుకో. నాను వెనకనించి సీటు పట్టుకుని పరిగెడతాను. పడిపోతావనుకుంటే, 'ఏవండీ' అని కేకెయ్యి. మొదటి రోజు ఇక్కడినించి ఆ గోల్‌పోస్టు దాకా వెళ్తే చాలు. నాకు స్కూటరు రావడానికే నెల పట్టింది."

నూకాలమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని ఎక్కి కూర్చుంది. పెడల్ రెండు చుట్లు తొక్కింది. బండి బుర్రుమంది. గురునాథరావు సీటు పట్టుకునే లోపే అతని చేతిలో గాలి మాత్రం మిగిలింది.

లూనా గోల్‌పోస్టు దాటింది. రెండో గోల్‌పోస్టు చుట్టూ వంపుగా తిరిగింది. దారికి అడ్డంగా పడుకున్న ఆవుకి హారన్ కొట్టి, పక్కగా తప్పుకుని, గ్రౌండు చుట్టూ ఒక నిండు చుట్టు చుట్టి, సరిగ్గా అతని కాళ్ల ముందు, జానెడు దూరంలో ఆగింది. కుర్రాళ్లు "వాహ్ ఆంటీ!" అని చప్పట్లు కొట్టారు.

గురునాథరావు బండినీ, ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "నీకు... వచ్చీసిందా?"

"దీపావళికే వచ్చీసింది, నాన్నా," అంది అమ్ము ఆనందం పట్టలేక. "మీరు ఫస్టు షిఫ్టు వెళ్లినప్పుడల్లా అమ్మకి నేనే నేర్పాను. తువ్వాలు తీసి, వచ్చాక మళ్లీ ఆరేసేవాళ్లం."

"మరి ఈ పందెం దేనికే? కాగితాలూ, కవర్లూ, ఆఖరి డబ్బాలూ... ఇదంతా దేనికి?"

నూకాలమ్మ ఇంజను ఆపలేదు. ఈసారి ఆమె గొంతులో ఎకసెక్కం లేదు.

"దొంగతనంగా నేర్చుకున్నాను గదాని దొంగతనంగానే తోలమంటారా? నలుగురూ ఏటనుకుంటారని అన్నారు కదా, ఆ నలుగురూ ఇదిగో, ఇక్కడే ఉన్నారు. మీరు పక్కన నిలబడి 'వెళ్లవే' అన్నారని వాళ్లు చూడాలి. నాకు కావలసింది బండి కాదు, ఆ మాట."

గురునాథరావు చుట్టూ చూశాడు. ఆ నలుగురూ నవ్వుతున్నారు గానీ, ఆ నవ్వులో అతను భయపడ్డదేదీ కనిపించలేదు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడవాల్సినదానికన్నా కొంచెం ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

"వెళ్లవే," అన్నాడు. అది ఎవరికీ వినపడలేదని తోచి, గొంతు సవరించుకుని మళ్లీ గట్టిగా అన్నాడు. "వెళ్లు! రుఆబాంధా ఎంత దూరం!"

"క్లబ్బువాళ్లు ఇవాళ పదింటికి ఒకసారి వచ్చి గది చూసుకోమన్నారు. ఎక్కండి, మీరూ చూద్దురు గాని," అంది నూకాలమ్మ.

"నానా? దీని మీద? వెనకాలా?"

"ముందు ఖాళీ లేదండి."

గురునాథరావు తన లుంగీ వైపు చూసుకున్నాడు. జనం వైపు చూశాడు. సాక్షి వైపు చూశాడు. సాక్షి ఆకాశం వైపు చూశాడు. ఇక చేసేది లేక, ఒక పక్కకి రెండు కాళ్లూ వేసుకుని, పుట్టింటికి వెళ్లే కొత్తకోడలిలా ఒద్దికగా ఎక్కి కూర్చున్నాడు.

"గట్టిగా పట్టుకోండి," అంది నూకాలమ్మ. "దారిలో గుంతలెక్కువ. ముందు ఇంటికెళ్లి లుంగీ మార్చుకుందురు. ఆ పొయ్యి మీద టీ ఎలా పెట్టుకోవాలో కూడా వెళ్లేలోగా చూపించీస్తాను."